సూది నొప్పి ఎంతసేపు, తొడ మీద గడ్డ ఎన్నాళ్లు?

బుధవారం ఉదయం పదింటికల్లా అంగన్‌వాడీ కేంద్రం గడప ముందు చెప్పులు పోగుపడతాయి. లోపల చాప మీద ఏడెనిమిది మంది తల్లులు, పక్కన అమ్మమ్మలో నాయనమ్మలో కూర్చుని ఉంటారు. నర్సమ్మ వ్యాక్సిన్ డబ్బా మూత తీసి, కార్డులు చూసి, పేర్లు రాసుకుంటుంది. మొదటి బిడ్డను బల్ల మీద వెల్లకిలా పడుకోబెడతారు. ఒకరు చేతులు పట్టుకుంటారు, ఒకరు మోకాళ్లు అదిమిపెడతారు. "చీమ కుట్టినట్టు ఉంటుందంతే, ఏమీ కాదు" అని తల్లికి ఎవరో ధైర్యం చెబుతారు. సూది దిగుతుంది. బిడ్డ ముందు నోరు తెరుస్తుంది, మొహం కందిపోతుంది, రెండు మూడు క్షణాలు గొంతు పెగలదు. తర్వాత గుక్కపట్టిన ఏడుపు. అది విని రెండో బిడ్డ, తన వంతు రాకముందే ఏడుపు అందుకుంటుంది.

టీకా మంచిదేనని ఆ గదిలో అందరికీ తెలుసు. ఆ నమ్మకం వల్లే ఈ ఏడుపును పెద్దగా పట్టించుకోరు. పిల్లలన్నాక ఏడుస్తారు, కాసేపటికి మరిచిపోతారు అంటారు. కానీ ఆ నొప్పిలో చాలా భాగాన్ని పైసా ఖర్చు లేకుండా తగ్గించవచ్చు. ఇంటికి వెళ్లాక తల్లిని పట్టుకునే టెన్షన్, అంటే తొడ మీద చేతికి తగిలే గట్టి గడ్డ, అది కూడా ముందుగా ఒక్క మాట చెబితే సగం తీరిపోతుంది. ఈ రెండూ జరగకపోవడానికి కారణం డబ్బు కొరత కాదు. అలవాటు.

ముందు లెక్క చూద్దాం. జాతీయ టీకాల పట్టిక ప్రకారం పుట్టగానే ఎడమ భుజానికి క్షయ టీకా బీసీజీ, తొడకు హెపటైటిస్ బి. 6 వారాలకు ఎడమ తొడకు ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్, కుడి తొడకు న్యూమోనియా టీకా పీసీవీ, కుడి భుజానికి చర్మంలోకి పోలియో సూది. 10 వారాలకు పెంటావాలెంట్ ఒక్కటే. 14 వారాలకు మళ్లీ మూడు. 9 నెలలు నిండాక తట్టు-రుబెల్లా టీకా, పీసీవీ బూస్టర్, పోలియో సూది మూడో డోసు. కలిపితే తొలి ఏడాదిలోనే 12 పోట్లు. మెదడువాపు టీకా వేసే జిల్లాల్లో ఇంకొకటి ఎక్కువ. 1985లో సార్వత్రిక టీకా కార్యక్రమం మొదలైనప్పుడు ఇన్ని లేవు. ఒక్కో టీకా చేరిన కొద్దీ ఒక్కో జబ్బు వెనక్కి తగ్గింది, అది గొప్ప విజయమే. పోట్ల సంఖ్య పెరిగిందన్నది కూడా నిజమే. ఒకే పూట మూడు సూదులు పడే బిడ్డకు నొప్పి తగ్గించే ఆలోచన, ఒక్క సూది కాలంలో కంటే ఇప్పుడు మరింత అవసరం.

పసిబిడ్డలకు నొప్పి తెలియదా?

ఇప్పుడు వింటే ఆశ్చర్యంగా ఉంటుంది గానీ, 1980ల వరకూ పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో కూడా నెలలు నిండని శిశువులకు ఆపరేషన్లు చేసేటప్పుడు పూర్తి మత్తు ఇచ్చేవారు కాదు. నరాల వ్యవస్థ ఇంకా ఎదగలేదు కాబట్టి నొప్పి అంతగా తెలియదని ఒక నమ్మకం, మత్తు మందును ఆ చిన్న గుండె తట్టుకోలేదని ఒక భయం. ఆ నమ్మకాన్ని కదిలించినవారిలో ముఖ్యుడు కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్. ఇండోర్‌లో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లిన డాక్టరు. గుండె దగ్గరి రక్తనాళానికి ఆపరేషన్ చేయించుకుంటున్న నెలలు నిండని శిశువులకు బలమైన నొప్పి మందు ఇచ్చి చూస్తే, మందు అందని శిశువులతో పోల్చినప్పుడు ఒత్తిడి హార్మోన్లు బాగా తగ్గాయనీ, ఆపరేషన్ తర్వాతి చిక్కులు కూడా తగ్గాయనీ ఆయన బృందం 1987లో ప్రచురించింది. శిశువుల నొప్పి గురించి వైద్యలోకం తీరు మారడం అక్కడి నుంచే జోరందుకుంది.

టీకాల దాకా ఆ మార్పు రావడానికి ఇంకో పదేళ్లు పట్టింది. 1997లో కెనడా పరిశోధకురాలు అన్నా టాడియో బృందం ఒక విషయం గమనించింది. పుట్టిన కొత్తలో నొప్పి మందు లేకుండా సున్తీ జరిగిన మగపిల్లలు, నాలుగు నుంచి ఆరు నెలల వయసులో టీకా వేసినప్పుడు మిగతా పిల్లల కంటే ఎక్కువగా ఏడ్చారు. అంటే ఆ పసితనపు నొప్పి నెలల తర్వాత కూడా ఒంట్లో ఎక్కడో నిలిచి ఉంది. "పిల్లలు మరిచిపోతారు" అన్న మాట అంత తేలిగ్గా అనేయదగింది కాదు. మాటల్లో గుర్తుపెట్టుకోకపోవచ్చు, ఒళ్లు గుర్తుపెట్టుకుంటుంది.

2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ టీకా నొప్పి మీద ప్రత్యేకంగా ఒక విధాన పత్రం వెలువరించింది. దాంట్లో చెప్పినవాటిలో ఎక్కువ భాగానికి మందు, పరికరం ఏవీ అక్కర్లేదు.

తల్లి ఒడి, తల్లి పాలు

అన్నిటికంటే బలమైన ఉపాయం తల్లి దగ్గరే ఉంది. సూదికి ముందు బిడ్డను రొమ్ముకు అందించి, సూది వేసేటప్పుడు కూడా తాగనిచ్చి, తర్వాత కూడా కాసేపు అలాగే ఉంచితే ఏడుపు సగటున అర నిమిషానికి పైగా తగ్గిందని అనేక అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షల్లో తేలింది. మొత్తం ఏడుపే ఒకటి రెండు నిమిషాలుండే చోట అర నిమిషం చిన్న సంగతి కాదు. పాలలోని తీపి, చప్పరించడం, తల్లి ఒంటి వెచ్చదనం, వాసన, ఇవన్నీ ఒక్కసారే పనిచేస్తాయి. ఏ మందుకూ ఇన్ని దారులు లేవు.

మన దగ్గర దీనికి అడ్డు వచ్చేది రెండు భయాలు. ఒకటి, ఏడుస్తూ తాగితే పొలమారుతుందని. అధ్యయనాల్లో అలాంటి ప్రమాదం బయటపడలేదు. రెండోది, పోలియో చుక్కలు వేశాక అరగంట పాలు పట్టకూడదని. ఈ మాట ఊళ్లల్లో ఇప్పటికీ గట్టిగా వినిపిస్తుంది. అది నిజం కాదు. పోలియో చుక్కలకైనా, విరేచనాల జబ్బును ఆపే రోటావైరస్ చుక్కలకైనా ముందూ వెనకా తల్లిపాలు నిరభ్యంతరంగా పట్టవచ్చు. మూడో అడ్డంకి ఒకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. పదిమంది కూర్చున్న గదిలో, రిజిస్టరు రాసే మనిషి ఎదుట, బల్ల పక్కన నిలబడి పాలు పట్టడం ఏ తల్లికైనా ఇబ్బందే. ఒక కుర్చీ, ఒక చీర అడ్డం, ఈ రెండూ ఏర్పాటు చేస్తే చాలు. అవి ఆ ఊళ్లో వెతికినా దొరకని ఖరీదైన వస్తువులేమీ కావు.

తర్వాతది బిడ్డను పట్టుకునే తీరు. బల్ల మీద పడుకోబెట్టి కాళ్లూ చేతులూ అదిమితే బిడ్డ నొప్పికి భయం కూడా తోడవుతుంది. అదే బిడ్డను తల్లి ఒళ్లో కూర్చోబెట్టి, ఛాతీకి ఆనించుకుని, సూది వేసే కాలు మాత్రం కదలకుండా తొడల మధ్యనో అరచేత్తోనో పట్టుకుంటే సరిపోతుంది. 9 నెలలు దాటిన పిల్లలైతే పడుకోబెట్టడాన్నే ఎదిరిస్తారు. వాళ్లను నిటారుగా, తల్లి భుజం మీదుగా అవతలి లోకం కనిపించేలా ఎత్తుకోవాలి. ఒక గిలక్కాయో, తాళాల గుత్తో, కిటికీలో కాకో చూపించాలి. ఆ వయసులో చూపు మళ్లితే నొప్పి కూడా కొంత మళ్లుతుంది.

సూది వేసే చేతి పని కూడా తేడా తెస్తుంది. సూది గుచ్చాక పిస్టన్‌ను కాస్త వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూడటం పాత పద్ధతి. తొడ ముందు భాగంలో పెద్ద రక్తనాళాలు లేవు కాబట్టి అక్కడ దాని అవసరం లేదు. 2007లో కెనడాలో పోల్చి చూస్తే, వెనక్కి లాగి నెమ్మదిగా మందు ఎక్కించిన పిల్లల్లో నూటికి ఎనభై మందికి పైగా ఏడ్చారు. లాగకుండా చకచకా వేసిన పిల్లల్లో ఏడ్చినవాళ్లు సగం కంటే తక్కువ. నెమ్మదిగా వేస్తే నొప్పి తక్కువని మనం అనుకుంటాం గానీ, సూది లోపల కదిలే ప్రతి క్షణం కండరానికి నొప్పే.

వరస కూడా ముఖ్యమే. ఎక్కువ మండే టీకాను చివరికి ఉంచాలి. పెంటావాలెంట్, పీసీవీ రెండూ ఒకే రోజు పడేటప్పుడు పీసీవీ ఎక్కువ నొప్పి పుట్టిస్తుంది, అది ఆఖరున రావాలి. మొదట మండే సూది పడితే, తర్వాతది మామూలుదైనా బిడ్డకు రెట్టింపుగా తగులుతుంది. అన్నిటికంటే ముందు రోటావైరస్ చుక్కలు వేయడం మంచిది. వాటిలో తీపి ఉంటుంది, ఆ తీపి శిశువులకు కొద్ది నిమిషాల పాటు నొప్పి తగ్గించే గుణం చూపిస్తుంది. ఈ చుక్కలు మనకు పరాయివి కావు. 2016లో దేశంలో రోటావైరస్ టీకా మొదలైన తొలి 4 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, ఆ టీకా తయారైంది హైదరాబాద్‌లో.

తీపి అనగానే తేనె గుర్తుకు వస్తుంది. తేనె నాకించే అలవాటు మన ఇళ్లలో బలంగా ఉంది. ఏడాది నిండని బిడ్డకు తేనె అస్సలు పెట్టకూడదు. అందులో ఉండగల ఒక రకం బాక్టీరియా పసిపేగుల్లో పెరిగి కండరాలు చచ్చుబడే జబ్బు తెస్తుంది. ఇంట్లో కలిపిన పంచదార నీళ్లూ ఆరు నెలల లోపు వద్దు. పాలిచ్చే తల్లి ఎదురుగా ఉండగా వాటి అవసరమే లేదు.

ఇక "చీమ కుట్టినట్టు" అన్న మాట. ఆ మాట అనేవాళ్ల మనసు మంచిదే. కానీ అది తల్లికి ఇచ్చే ధైర్యం సూది పడే దాకానే. సూది వేసే ముందు అబద్ధపు ఓదార్పు గానీ భయపెట్టే మాట గానీ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రం చెబుతుంది. "ఇప్పుడు సూది వేస్తున్నా, పాలు తాగనివ్వమ్మా" అంటే చాలు. "ఏడిస్తే సూదేస్తా" అని పెద్ద పిల్లలను ఇంట్లో బెదిరించడం మాత్రం వెంటనే మానుకోవాల్సిన విషయం. ఆ బెదిరింపు విన్న పిల్లలు ఐదేళ్ల బూస్టర్ నాటికి ఆరోగ్య కేంద్రం గుమ్మం చూస్తేనే వణుకుతారు.

ముందే పారాసెటమాల్ వేస్తే?

చాలామంది చదువుకున్న తల్లిదండ్రులు టీకాకు బయలుదేరేముందే పారాసెటమాల్ చుక్కలు వేసి తీసుకువస్తారు. ఎలాగూ జ్వరం వస్తుంది కదా అని. ఇది మంచి పని కాదు. సూది గుచ్చే క్షణంలోని నొప్పిని ఆ మందు తగ్గించదు. పైగా చెక్ రిపబ్లిక్‌లో 459 మంది శిశువుల మీద జరిగి 2009లో వెలువడిన అధ్యయనంలో, జ్వరం రాకుండా ముందుజాగ్రత్తగా పారాసెటమాల్ ఇచ్చిన పిల్లల్లో జ్వరం తగ్గిన మాట నిజమే, కానీ కొన్ని టీకాలకు తయారైన యాంటీబాడీల మోతాదు కూడా తగ్గింది. జ్వరం వచ్చాక, బిడ్డ అవస్థ పడుతుంటే అప్పుడు ఇవ్వవచ్చు.

ఇచ్చేటప్పుడు లెక్క ముఖ్యం. కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. నాలుగున్నర కిలోల బిడ్డకు 45 నుంచి 67 మిల్లీగ్రాములు అన్నమాట. కొన్నిచోట్ల 500 బిళ్లలో పావు వంతు అరగదీసి పట్టమని చెబుతారు. పావు బిళ్ల అంటే 125 మిల్లీగ్రాములు. ఆరు వారాల బిడ్డకు అది రెట్టింపు మోతాదు. ఇంకో చిక్కు సీసాలతో వస్తుంది. మన మందుల షాపుల్లో దొరికే పారాసెటమాల్ చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుంటే, మామూలు సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకు 125 మాత్రమే. అంటే చుక్కల మందు నాలుగు రెట్లు చిక్కన. ఒకటి చెప్పిన కొలతతో ఇంకొకటి పట్టారంటే ప్రమాదం. సీసా మీద అంకె చదివి, బిడ్డ బరువు చెప్పి, ఎంత పట్టాలో డాక్టరునో నర్సమ్మనో అడిగి రాయించుకోవాలి. ఒక డోసుకూ ఇంకో డోసుకూ మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు. టీకా జ్వరం మామూలుగా ఒకటి రెండు రోజుల్లో దిగిపోతుంది. అంతకు మించి ఉన్నా, బిడ్డ పాలు మానేసినా, మూడు గంటల పాటు ఆపకుండా ఏడ్చినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంటికి వెళ్లాక: ఆ గడ్డ సంగతి

స్నానం పోస్తూ తొడ తుడిచేటప్పుడు చేతికి తగులుతుంది. సూది పడిన చోట, చర్మం కింద, చింతగింజంతో రేగుపండంతో ఒక గట్టి ముద్ద. ఒత్తితే బిడ్డ మొదటి రెండు రోజులు ఏడుస్తుంది, తర్వాత ఏడవదు. వారం గడిచినా పోదు. సరిగ్గా ఇక్కడే ఇంట్లోని పెద్దవాళ్ల వైద్యం మొదలవుతుంది. ఉప్పు మూట వేడిచేసి కాపడం, ఆముదం రాసి గట్టిగా రుద్దడం, పసుపు పట్టు. బిడ్డ మీద ప్రేమతోనే చేస్తారు. కానీ ఆ చర్మం పెద్దవాళ్ల చర్మం కాదు. కాపడం మూట వేడికి తొడ మీద బొబ్బలు లేస్తాయి. రుద్దుడుకు లోపలి వాపు పెరుగుతుంది.

అసలు గడ్డ ఎందుకు కడుతుంది? పెంటావాలెంట్, పీసీవీ లాంటి టీకాల్లో కొద్దిపాటి అల్యూమినియం లవణం ఉంటుంది. ఒంటి రక్షక కణాలను ఆ చోటికి పిలిచి, టీకాను గుర్తుపట్టేలా చేయడం దాని పని. పిలిచిన కణాలు అక్కడ చేరి ఒక చిన్న గుంపు కడతాయి. అదే చేతికి తగిలే గడ్డ. రోగనిరోధక శక్తి పనిచేస్తున్న చోటు అది. కొన్ని వారాల్లో కరిగిపోతుంది, కొందరిలో నెలలు పడుతుంది. చాలా అరుదుగా కొందరు పిల్లల్లో ఏళ్ల తరబడి ఉండి, జలుబు చేసినప్పుడల్లా దురద పెడుతుంది. అదీ క్రమంగా తగ్గేదే.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. పొడవు సూది చూస్తే తల్లి గుండె జారిపోతుంది. కానీ బ్రిటన్‌లో 2000లో ప్రచురించిన అధ్యయనంలో, నాలుగు నెలల పిల్లలకు 16 మిల్లీమీటర్ల పొట్టి సూదితో కంటే 25 మిల్లీమీటర్ల సూదితో వేసినప్పుడే ఎరుపు, వాపు తక్కువగా వచ్చాయి. పొట్టి సూది మందును కండరం దాకా చేర్చకుండా పైన కొవ్వులోనే వదిలేస్తుంది. కొవ్వులో మిగిలిన మందు ఎక్కువ వాపు, ఎక్కువ గడ్డ తెస్తుంది. కండరంలోకి వెళితే రక్తప్రసరణ ఎక్కువ కాబట్టి తొందరగా సర్దుకుంటుంది. ఒక అంగుళం సూది చూసి భయపడాల్సిన పని లేదు.

మొదటి రోజు తొడ వేడిగా, ఎర్రగా ఉంటే చల్లటి నీళ్లలో తడిపి పిండిన మెత్తటి గుడ్డ కాసేపు వేస్తే హాయిగా ఉంటుంది. అంతకు మించి ఏమీ రాయనక్కర్లేదు.

బీసీజీ కథ వేరు. దేశంలో తొలి బీసీజీ టీకాలు వేసిన చోట్లలో మన మదనపల్లె ఒకటి, 1948లో. అయినా ఈ టీకా తీరు గురించి ఇళ్లల్లో అయోమయం ఇప్పటికీ తీరలేదు. సూది పడిన రెండు మూడు వారాలకు ఎడమ భుజం మీద చిన్న పొక్కు లేస్తుంది. ఐదో వారానికి కందిగింజంత పెరుగుతుంది. ఆపైన పగిలి కాస్త చీము లాంటిది కారి, పుండై, పక్కు కట్టి, ఆరు నుంచి పన్నెండు వారాల్లో చిన్న గుండ్రటి మచ్చగా మానిపోతుంది. ఇదంతా టీకా తన దారిన తాను పోతున్న గుర్తు. దాన్ని నొక్కకూడదు, మందు రాయకూడదు, కాపడం పెట్టకూడదు. కొందరు పిల్లలకు ఎడమ చంకలో బిళ్ల కడుతుంది. మెత్తబడకుండా, ఎర్రబడకుండా ఉంటే నెలల్లో తనంతట తాను తగ్గుతుంది. మెత్తబడితే డాక్టరు సూదితో లాగేస్తారు. దాన్ని కోయించితే మానని పుండుగా మారే ప్రమాదం ఉంది. మచ్చ పడలేదని రెండోసారి టీకా వేయించాల్సిన పనీ లేదు.

ఏది టీకా గడ్డ, ఏది కాదు

ఇక అసలు భయం. "గడ్డ" అన్నాక తర్వాతి మాట "క్యాన్సరేమో" అన్నదే. మెత్తని కణజాలంలో, అంటే కొవ్వు, కండరం, రక్తనాళాలు, వాటి మధ్య పీచులో పుట్టే గడ్డల్లో పసిపిల్లలకు వచ్చేవి దాదాపుగా హానిలేనివే. ట్యూమర్ అనే మాటకు అర్థం కణాల పెరుగుదల మాత్రమే. ఆ మాట వినగానే క్యాన్సర్ అని తీర్మానించుకోనక్కర్లేదు. అసలు చిక్కు ఏమిటంటే, ఈ గడ్డలు బయటపడే వయసూ టీకాల వయసూ ఒకటే. ఆరు వారాల టీకా వేయించిన వారానికి భుజం మీద ఎర్రటి ముద్ద కనిపిస్తే, ఇంట్లో అందరూ టీకానే అనుమానిస్తారు.

వీటిలో ఎక్కువగా కనిపించేది రక్తనాళాల గడ్డ, డాక్టర్లు హెమాంజియోమా అంటారు. నూటికి నలుగురైదుగురు శిశువులకు వస్తుంది. ఆడపిల్లల్లో, నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో ఎక్కువ. పుట్టినప్పుడు ఏమీ కనిపించకపోవచ్చు, లేదా పాలిపోయిన మచ్చో సన్నటి ఎర్ర గీతలో ఉండవచ్చు. కొద్ది వారాల్లో పండిన మిరపకాయ రంగుకు తిరిగి ఉబ్బుతుంది. మొదటి మూడు నుంచి ఐదు నెలలు వేగంగా పెరుగుతుంది, సరిగ్గా పెంటావాలెంట్ మూడు డోసులు పడే కాలంలో. అందుకే తప్పు టీకా మీద పడుతుంది. తర్వాత పెరుగుదల ఆగి, రంగు బూడిదగా మారి, ఏళ్ల మీద కుంగిపోతుంది. ఎక్కువ మందిలో నాలుగేళ్లు వచ్చేసరికి చాలావరకు తగ్గిపోతుంది.

అన్నిటినీ అలా వదిలేయకూడదు. కంటి రెప్ప మీద, ముక్కు కొసన, పెదవి మీద, గడ్డం కింద ఉంటే, లేదా పుండుపడితే, తొందరగా పిల్లల డాక్టరుకు చూపించాలి. ఒంటి మీద ఐదు గానీ అంతకు మించి గానీ ఉంటే కాలేయంలో కూడా ఉన్నాయేమో స్కాన్ చేస్తారు. వీటికి ఇప్పుడున్న మందు అనుకోకుండా దొరికింది. 2008లో ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో క్రిస్టీన్ లియోటె-లాబ్రెజ్ బృందం గుండె సమస్యకు ప్రొప్రనొలాల్ ఇచ్చిన ఒక బిడ్డ మొహం మీది గడ్డ రంగు మారి మెత్తబడటం గమనించింది. బీపీకి వాడే ఆ పాత మందే ఇప్పుడు దీనికి మొదటి వైద్యం. అయితే అది మొదలుపెట్టే సమయం ముఖ్యం. గడ్డ పెరిగే మొదటి నెలల్లో ఇస్తేనే పూర్తి ఫలితం. "అదే పోతుందిలే" అని ఏడాది ఆగితే, కంటి మీది గడ్డ వల్ల చూపు దెబ్బతినవచ్చు. టీకా మీద అనుమానంతో గడిపే నెలలే మందు పనిచేసే నెలలు కావడం ఇందులోని అసలు నష్టం.

మెడ పక్కన రెండు నుంచి నాలుగు వారాల వయసులో తేలే గట్టి గడ్డ ఇంకొకటి. బిడ్డ తల ఒక పక్కకు వాల్చి, గడ్డం రెండో పక్కకు తిప్పి ఉంచుతుంది. మెడ కండరంలో పీచు గట్టిపడటం వల్ల ఇది వస్తుంది. ఫిజియోథెరపిస్టు చూపించిన విధంగా రోజూ మెడను సాగదీసే వ్యాయామం చేయిస్తే ఎక్కువ మందికి ఏడాది లోపే సర్దుకుంటుంది. కోత అవసరం పడేది కొద్దిమందికే. చంక, భుజం దగ్గర వచ్చే పీచు గడ్డలు, మూడేళ్ల లోపు పిల్లల్లో వచ్చే కొవ్వు గడ్డ లిపోబ్లాస్టోమా, ఇవి అరుదు. ఇవీ క్యాన్సర్లు కావు, కానీ పెరుగుతాయి కాబట్టి తీసేస్తారు.

ఇంట్లో తేడా కనిపెట్టడానికి చూడాల్సినది ముఖ్యంగా చోటు, కాలం. బీసీజీ సంగతి పక్కన పెడితే, టీకా గడ్డ సూది పడిన చోటే ఉంటుంది, సూది పడిన కొద్ది రోజుల్లోనే కనిపిస్తుంది, రోజులు గడిచిన కొద్దీ చిన్నదవుతుంది లేదా అంతే ఉంటుంది. కార్డు తీసి చూస్తే ఏ టీకా ఎప్పుడు పడిందో రాసి ఉంటుంది. సూది ఎడమ తొడకు పడి గడ్డ వీపు మీద ఉంటే అది టీకాది కాదు. సూది చోటే అయినా వారాలు గడిచే కొద్దీ పెరుగుతుంటే, ఎర్రగా ఉబ్బి వేడిగా మారి చీము పడితే, బిడ్డ ఆ కాలు కదపకపోతే ఆలస్యం చేయకూడదు. ఒంట్లో ఎక్కడైనా సరే, గట్టిగా లోపలికి అతుక్కుపోయినట్టు కదలని గడ్డ పెరుగుతున్నా అంతే. అలాంటప్పుడు మొదట చేసేది అల్ట్రాసౌండ్ పరీక్ష. నొప్పి లేదు, రేడియేషన్ లేదు, మత్తు అక్కర్లేదు. బిడ్డ తల్లి ఒళ్లో పాలు తాగుతుండగానే చేసేయవచ్చు. గడ్డ కొవ్వా, రక్తనాళాలా, చీమా అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ఇదంతా నర్సమ్మలకు తెలియనిది కాదు. ఏ టీకా వేశామో, దానితో ఏమి కావచ్చో, వస్తే ఏమి చేయాలో, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పి, అరగంట కూర్చోబెట్టి పంపాలని వాళ్ల శిక్షణలోనే ఉంది. తట్టు-రుబెల్లా సీసా కలిపాక నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలితే పారేయాలి. అందుకని పిల్లలు పోగయ్యేదాకా ఆగి, ఒక్కసారే అందరికీ వేసేస్తారు. ఆ హడావిడిలో మొదట ఎగిరిపోయేది ఈ నాలుగు మాటలే. అవి చెప్పకపోతే ఆ చోటును ఉప్పు కాపడం, ఫోన్‌లో ఫార్వర్డ్ అయిన వీడియో, పక్కింటి భయం ఆక్రమిస్తాయి. నర్సమ్మకు తీరిక లేనప్పుడు ఆ మాటలు చెప్పే పని ఆశా కార్యకర్త వేచి ఉండే అరగంటలోనే చేయవచ్చు. తల్లి చేతిని తీసుకుని తొడ మీద ఆ చోట పెట్టి, "రేపటికి ఇక్కడ గట్టిగా తగులుతుంది, రుద్దకమ్మా" అని చెబితే, ఏ కరపత్రం కంటే బాగా గుర్తుంటుంది.

పది వారాలకు మళ్లీ వచ్చేసరికి ఎడమ తొడ మీది పాత గడ్డ ఇంకా చేతికి తగులుతుండవచ్చు. దానివల్ల టీకా ఆపనక్కర్లేదు. ఎక్కడుందో సూదికి ముందే వేలు పెట్టి చూపించాలి. దానికి ఒక అంగుళం పక్కగా కొత్త సూది వేస్తారు. అప్పటికి బిడ్డ రొమ్ము అందుకుని ఉండాలి.